మొక్కుబడి విప్పిన మాస్టారు

పిల్లల వార్డులో మధ్యాహ్నం పూట కాసేపు అంతా సద్దుమణుగుతుంది. భోజనాల క్యారియర్లు వెళ్లిపోతాయి, తల్లులు మంచాల పక్కన కునుకు తీస్తారు, ఫ్యాన్ల చప్పుడు ఒక్కటే మిగులుతుంది. పోయిన నెల అలాంటి ఒక మధ్యాహ్నం నేను ఒక బాబుకి సెలైన్ సూది మారుస్తుంటే, వాడి తల్లి మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని, పెదవులు మాత్రమే కదిలేంత సన్నగా అంటోంది: “ప్రభువా, వీణ్ణి బతికించు. వీణ్ణి నీకే ఇచ్చేస్తాను. నీ సేవకే ఇచ్చేస్తాను.” పక్కనున్న సిస్టరుకి పని అప్పగించి, చేతులు కడుక్కునే నెపంతో బయటికి వచ్చేశాను. బాబుకి నయమై నాలుగో రోజు వాళ్లు చుండూరు వెళ్లిపోయారు. ఆ గుసగుస మాత్రం నా చెవిలోంచి పోలేదు. ఎందుకంటే నా బతుకు మొదలైంది సరిగ్గా ఆ మాటతోనే. ఆ మాటలోంచి నన్ను బయటికి తీసుకొచ్చిన మనిషి సత్యానందం మాస్టారు. ఆయన పోయి ఏడేళ్లయింది. ఆయన్ని ఎరగనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను ఏడో నెలలో పుట్టాను. అరచేతిలో పట్టేంత పిల్లనని, ఆస్పత్రిలో ఆశ వదులుకోమన్నారని అమ్మ చెప్పేది. అప్పుడే అమ్మ మొక్కుకుంది, ఈ పిల్ల బతికితే దేవుని సేవకి ఇచ్చేస్తానని. బాపట్ల దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఒక ప్రార్థనా ఆశ్రమం ఉండేది. అక్కడ పెళ్లి చేసుకోకుండా జీవితమంతా సేవకి ఇచ్చుకున్న స్త్రీలు తెల్లచీరల్లో ఉండేవారు. ప్రతి ఏడాదీ వేసవి సెలవుల్లో అమ్మ నన్ను రేపల్లె నుంచి అక్కడికి తీసుకెళ్లి చూపించి వచ్చేది. వాళ్లు చెడ్డవాళ్లు కారు. నాకు మామిడిపండు కోసిపెట్టి, తల నిమిరేవారు. అక్కడి పెద్దమ్మగారు నా గడ్డం పట్టుకుని, అమ్మతో “ఇంటర్ అయిపోగానే తీసుకొచ్చెయ్ రత్నం,” అనేవారు. నేను తీగ మీద వరసగా ఆరేసిన తెల్లచీరలు లెక్కపెడుతూ, వాటిలో నాది ఎక్కడ ఆరుతుందా అనుకునేదాన్ని. నాకు నర్సు కావాలని ఉండేది. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దేవుడికి ఇచ్చేసిన పిల్లకి తనదంటూ ఒక కోరిక ఉండటమే దొంగతనమని అనుకునేదాన్ని.

అమ్మ మిషను మీద జాకెట్లు కుట్టేది. కుడుతూనే ప్రార్థన చేసేది. ఇంట్లో ఎవరికి కాస్త ఒళ్లు వెచ్చబడినా మిషను ఆపి నా వంక చూసేది. ఏమీ అనేది కాదు. ఆ చూపు చాలు నాకు, అన్నం సహించేది కాదు. నాన్న కరెంటాఫీసులో లైన్‌మన్. పొద్దున్నే స్తంభాలెక్కి, సాయంత్రానికి భుజం మీద తాడు చుట్టతో తిరిగొచ్చి, పెరట్లో కాళ్లు కడుక్కుని మౌనంగా అన్నం తినేవాడు. మొక్కుబడి గురించి ఆయన నోటి వెంట ఒక్క మాట కూడా నేను వినలేదు, అటూ కాదు, ఇటూ కాదు.

ఇంటర్ చదవడానికి తెనాలి వెళ్లేదాన్ని, రోజూ పాసింజరు రైల్లో. మాస్టారు పరిచయమైంది తెనాలిలోనే. ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. కుర్రతనంలో పాస్టరు కావాలని వేదాంత పాఠశాలలో చేరి, రెండేళ్లు హెబ్రీ నేర్చుకుని, మధ్యలో మానేసి బడిపంతులయ్యారట. బడిలో చేరినా హెబ్రీ మాత్రం వదల్లేదు. శనివారం మధ్యాహ్నాలు కాలేజీ పిల్లల్ని వరండాలో చాప మీద కూర్చోబెట్టుకుని బైబిలు చెప్పేవారు. అట్ట ఊడిపోతే పాత పంచె ముక్కతో అతికించుకున్న హెబ్రీ గ్రంథం ఒకటి ఆయన ఒళ్లో ఉండేది. కుడి నుంచి ఎడమకి వేలు నడిపిస్తూ చదివి, తలెత్తి తెలుగులో చెప్పేవారు.

మొదటి రోజు ఆయనడిగిన ప్రశ్న నాకింకా గుర్తుంది. “మనూళ్లో నీళ్లెక్కణ్ణుంచి వస్తాయర్రా?” అన్నారు.

“కాలవలోంచండి,” అన్నాం.

“కదా! గేటెత్తితే నీళ్లు. మనం కాలవ గట్టు మీద కూర్చుని ఈ పుస్తకం చదువుతున్నాం. రాసినవాళ్లు రాతికొండల మీద కూర్చుని, మబ్బు వంక చూస్తూ రాశారు. వాన పడకపోతే వాళ్లకి ఆ ఏడాది లేదు. రాతిలో తొట్టి తవ్వి, వాననీళ్లు పట్టి, పాచిపట్టినా అవే తాగేవారు. అలాంటి మనిషికి పారే నీళ్లిస్తానంటే ఎలా ఉంటుందో వేమూరు రైతుకి అర్థం కావాలంటే కాస్త కష్టపడాలి. ముందు వాళ్ల దాహం తెలియాలి, తర్వాత వాళ్ల దేవుడు తెలుస్తాడు.”

నాకు తెలిసిన దేవుడు ఎవరికి జ్వరం పంపాలా అని మా ఇంటి మీద కన్నేసి ఉండే దేవుడు. దాహం వేసినవాళ్లతో మాట్లాడే దేవుడు ఇంకొకడున్నాడా అని ఆ రోజు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. అంతలోనే, అలా ఆలోచించినందుకు ఇంటి దగ్గర తమ్ముడికేమైనా అయి ఉంటుందేమోనని గుండె దడదడలాడింది. రేపల్లెలో దిగాక ఇంటిదాకా పరుగెత్తాను. వాడు వీధిలో గోళీలాడుకుంటున్నాడు.

మాస్టారు మంచివారే గాని, నోటి దురుసు మనిషి. నిజానికి ఆయనదీ మా రేపల్లె చర్చి సంఘమే. ఒక ఆదివారం మా పాస్టరు అయ్యగారు ప్రసంగంలో, ధనవంతుడు పరలోకం చేరడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం తేలికన్న ప్రభువు మాట చెబుతూ, యెరూషలేము గోడకి సూదిబెజ్జమనే చిన్న ద్వారం ఉండేదని, ఒంటె మోకాళ్లూని దూరేదని వివరిస్తున్నారట. మాస్టారు బల్ల మీద నుంచి లేచి నిలబడి, “అలాంటి ద్వారం ఎక్కడా లేదండి. ఎవరో కల్పించింది. చదవకుండా చెప్పకండి,” అన్నారట, సంఘమంతా వింటుండగా. అయ్యగారు మిగతా ప్రసంగం చెప్పలేకపోయారు. ఆ తర్వాత మాస్టారు గుడికి రావడం మానేశారు, కొన్నాళ్లకి తెనాలిలో కూతురింటికి మారిపోయారు. ఆరేళ్లపాటు ఇద్దరి మధ్యా మాటల్లేవు. నేను మాస్టారి దగ్గరికి వెళ్తున్నట్టు మా సంఘంలో ఎవరికీ తెలియనివ్వలేదు. అది ఇంకో భయం.

ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు ఇంకో పది రోజులున్నాయనగా, ఒక శనివారం ఆయన యెఫ్తా కథ తీశారు. యుద్ధం గెలిస్తే ఇంటి గుమ్మంలోంచి ఎదురొచ్చేదాన్ని దేవునికి బలి ఇస్తానని మొక్కుకున్న సేనాధిపతి అతను. తంబుర వాయిస్తూ, నాట్యమాడుతూ ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. మాస్టారు ఆ పిల్ల బయటికి రావడం చదువుతుండగానే నాకు కళ్లు తిరిగాయి. మిగతావాళ్లు వెళ్లిపోయాక మాస్టారి కూతురు నాకు మంచినీళ్లిచ్చింది. మాస్టారు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, “ఏంటి కృపా? ఏంటమ్మా?” అన్నారు. పదిహేడేళ్లలో మొదటిసారి ఎవరికో ఒకరికి అంతా చెప్పాను. దొంగచాటుగా నర్సింగు దరఖాస్తు నింపానని కూడా చెప్పాను.

ఆయన బైబిల్లో ధర్మశాస్త్రంలోని సంఖ్యాకాండం తీశారు. భార్య మొక్కుకుంటే భర్త విన్న రోజునే వద్దనవచ్చని, అప్పుడా మొక్కుబడి నిలవదని, విని ఊరుకుంటే మాత్రం అది ఖాయమవుతుందని అక్కడుంది. “ఊరుకోవడం అని తెలుగులో తేలిగ్గా ఉంది గాని, ఇక్కడున్న మాట వేరు. మౌనానికీ చెవుడుకీ హెబ్రీలో ఒకటే ధాతువు. అంటే విని, చెవిటివాడిలా ఉండిపోవడం. మీ నాన్నేమన్నారమ్మా?”

“నాన్నగారు ఏమీ అనరండి.”

ఆయన తలూపి, ఇంకో సంగతి చెప్పారు. యూదుల పూర్వపు గురువులు యెఫ్తా కథకి బాగా కోపగించుకున్నారట. మొక్కుబడి విప్పే పద్ధతి వాళ్లలో ఉంది. తెలిసిన పెద్ద ఒకరు ఆ మనిషిని కూర్చోబెట్టి, ‘ఇలా అవుతుందని నీకు ముందే తెలిస్తే మొక్కుకునేవాడివా?’ అని అడుగుతాడు. లేదంటే ఆ ముడి విప్పేస్తాడు. మరి యెఫ్తా కూతురి ముడి ఎవరూ ఎందుకు విప్పలేదు? ప్రధాన యాజకుడైన ఫీనెహాసు, నేను యాజకుణ్ణి, నేనతని దగ్గరికి వెళ్లడమేంటి అనుకున్నాడట. యెఫ్తా, నేను సేనాధిపతిని, నేనెందుకు వెళ్లాలి అనుకున్నాడట. “వీళ్లిద్దరి మధ్యా పిల్ల పోయిందని రాశారు,” అన్నారు మాస్టారు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. “మీ అమ్మని ఆ ప్రశ్న ఎవరైనా అడగాలి.”

“అమ్మ ఎవరి మాటా వినదండి. అయ్యగారు చెబితేనే వింటుంది.”

ఆయన చేతిలో కళ్లజోడు ఆగిపోయింది. నాకెక్కణ్ణుంచి వచ్చిందో ధైర్యం, లేక భయమే అలా మాట్లాడించిందో. “మాస్టారూ, మీరు వెళ్లి అయ్యగారితో మాట్లాడరా?” అన్నాను.

“నేనా?” ఆయన ముఖం ఎర్రబడింది. “ఆయన దగ్గరికా? ఆరేళ్లలో నేనున్నానో పోయానో అని కబురైనా పెట్టని మనిషి దగ్గరికా?”

“ఇప్పుడు మీరు చెప్పిన కథలో...” అన్నాను. పూర్తిచెయ్యలేకపోయాను.

“నీ రైలు టైమైంది. వెళ్లు,” అన్నారు గోడ వైపు తిరిగి.

పరీక్షలెలా రాశానో గుర్తులేదు. ఆ తర్వాత మాస్టారి దగ్గరికి వెళ్లనే లేదు. జూన్ మొదటి వారంలో నన్ను ఆశ్రమానికి పంపాలని ఖాయమైంది. మే నెల మధ్యలో తమ్ముడు ప్రవీణ్‌కి జ్వరం పట్టుకుంది. రెండు రోజుల్లో తగ్గుతుందనుకున్నది తగ్గలేదు. రేపల్లెలో డాక్టరు మందులు మార్చారు, అయినా తగ్గలేదు. అదే వారం నర్సింగు కాలేజీ నుంచి నా పేరిట కవరొచ్చింది. అమ్మ దాన్ని చింపి చదివింది. కొట్టలేదు, తిట్టలేదు. తమ్ముడి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, “ఇందుకా,” అంది. అంతే. మర్నాడు మూడు తెల్లచీరలు తెచ్చి, ఫాల్ కుట్టడం మొదలుపెట్టింది. పక్కన మంచం మీద వాడు మూలుగుతుంటే ఆ మిషను చప్పుడు వింటూ, వీడు పోతే చంపింది నేనేనని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అమ్మ దగ్గరికి వెళ్లి, “జూన్ దాకా ఎందుకమ్మా, రేపే పంపించెయ్,” అన్నాను. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. విన్నాడు. చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆ రేపు రానే వచ్చింది. బాపట్ల బస్సుకి బయల్దేరడానికి సంచీ సర్దుకుని వసారాలో కూర్చున్నాను. నాన్న నన్ను దింపి రావడానికి సెలవు పెట్టాడు. పొద్దున తొమ్మిది దాటి ఉంటుంది, వీధి చివర మా పాస్టరు అయ్యగారు కనబడ్డారు. ఆయన పక్కన, అడుగు వెనగ్గా, చంకలో పంచెగుడ్డ అట్ట పుస్తకంతో సత్యానందం మాస్టారు.

ఆ పొద్దున అయ్యగారింటి గేటు దగ్గర జరిగింది తర్వాతెప్పుడో పాస్టరమ్మగారు చెబితే తెలిసింది. నన్నా రోజే పంపుతున్నట్టు తెలియకపోయినా, ఇంటర్ అయిపోయిందని లెక్కేసుకుని మాస్టారు మొదటి రైలుకే దిగి వెళ్లి, గేటు బయటే నిలబడి, “ద్వారం లేదన్న మాట నిజమేనండి. నేను చెప్పిన తీరు మాత్రం తప్పు. క్షమించమని అడగడానికొచ్చాను,” అన్నారట. అయ్యగారు గేటు తీసి, “ఆరేళ్ల నుంచీ ఆ ఒంటె నా గొంతులోనే ఉంది మాస్టారూ. లోపలికి రండి,” అన్నారట.

మా ఇంట్లో మాత్రం నవ్వే పరిస్థితి లేదు. ఇద్దరూ తమ్ముడి కోసం ప్రార్థన చేశారు. తర్వాత అయ్యగారే సంగతి మొదలుపెట్టారు. అమ్మ వింటూ వింటూ తల అడ్డంగా ఊపింది. “దేవుడికిచ్చిన మాటండి. ధర్మశాస్త్రంలో ఉంది కదండీ, మొక్కుబడి తప్పకూడదని.”

“అదే ధర్మశాస్త్రంలో విప్పే దారి కూడా ఉందమ్మా,” అన్నారు మాస్టారు. “బిగించే చోట పట్టుకుని, విప్పే చోట వదిలేస్తే ఎలా? ఇది మీ విషయానికి అక్షరం పొల్లుపోకుండా సరిపోతుందని నేను ప్రమాణం చెయ్యలేను. ఒక్కటి అడుగుతాను. ఈ పిల్ల పదిహేడేళ్లపాటు రోజూ హడలిపోతూ పెరుగుతుందని ఆ రోజే తెలిసుంటే, ఆ మాట అనేవారా?”

అమ్మ నా వంక చూసింది. ఎప్పుడూ చూసే చూపు కాదది. నేను హడలిపోతూ పెరిగానని ఆమెకి అప్పటిదాకా తెలియదనుకుంటాను. “ఇవ్వడానికి ఆ రోజు నా దగ్గర ఇంకేం లేదండి,” అంది. “దాన్ని బతికించుకోవడానికి దాన్నే ఇచ్చాను.” కొంగు నోటికడ్డం పెట్టుకుంది. “తెలిసుంటే అనేదాన్ని కాదండి. కానీ అన్నాను కదండీ. ఇప్పుడు వాడికేమైనా అయితే?”

అప్పుడు నాన్న మాట్లాడాడు. గుమ్మం పక్కన గోడకానుకుని ఉన్నవాడు, ముందుకి రాకుండా అక్కణ్ణుంచే అన్నాడు. “నేను విన్నానండి. ఆ రోజు ఆస్పత్రి వరండాలో, కిటికీ అవతలే ఉన్నాను. వద్దందామనుకున్నాను. ఆ మాట వల్లే పిల్ల బతుకుతుందేమో, కాదంటే పోతుందేమోనని నోరు మూసుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే మూసుకున్నాను.”

అయ్యగారు బైబిలు తెరిచి, విన్న రోజున ఊరుకుని, భార్య మొక్కుని తర్వాత ఎప్పుడో రద్దుచేసిన భర్త ఆమె దోషాన్ని తాను భరించాలని ఉన్న చోటు చూపించి, “బాగా ఆలోచించి చెప్పు బాబూ,” అన్నారు.

“ఆలోచించడానికేముందండి. రద్దు చేస్తున్నాను. ఆ దోషమేదో నా మీదే ఉండనివ్వండి. నా కూతురు చదువుకుంటుంది.” నాన్న వచ్చి, నా పక్కనున్న సంచీ తీసుకుని లోపల పెట్టేశాడు.

అంతటితో అంతా చల్లబడిందని రాయాలని ఉంది. మర్నాడు తమ్ముడి జ్వరం ఇంకా పెరిగింది. తెనాలి ఆస్పత్రిలో చేర్పించాం. టైఫాయిడ్ అని తేలింది. పదకొండు రోజులు. అమ్మ నా వైపు చూడకుండా ఉండటానికి పడే కష్టం నాకు కనబడుతూనే ఉండేది. అయ్యగారు రోజు విడిచి రోజు రేపల్లె నుంచి వచ్చేవారు. మాస్టారు రోజూ పొద్దున్నే వచ్చి, ఏ ఉపదేశమూ చెయ్యకుండా, ఇంటి నుంచి తెచ్చిన జావ గిన్నె అమ్మ చేతికిచ్చి బల్ల మీద కూర్చునేవారు. ఎనిమిదో రోజు నేనాయన్ని పక్కకి పిలిచి, “మనం తప్పు చేశామేమోనండి,” అన్నాను. “నాకూ అదే భయంగా ఉందమ్మా,” అన్నారాయన. హెబ్రీ వచ్చిన మనిషి, అన్నీ తెలిసినట్టు మాట్లాడే మనిషి, అలా అనడం నాకు వింతగా, కాస్త ఊరటగా కూడా తోచింది. పన్నెండో రోజు పొద్దున వాడు లేచి కూర్చుని ఇడ్లీ కావాలన్నాడు.

నేను నర్సింగులో చేరాను. తమ్ముడి మీద బెంగ పోయి, నాన్న మీదికి వచ్చింది. దోషం నా మీద ఉండనివ్వమన్న మనిషి రోజూ కరెంటు స్తంభాలెక్కుతాడు. హాస్టల్లో ఉండగా గాలివాన మొదలైతే చాలు, ఫోను దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఒక ఆదివారం నన్ను చూడటానికి హాస్టలుకి వచ్చిన మాస్టారితో ఆ సంగతి చెప్పాను. ఆయన నా నోటు పుస్తకంలో నాలుగు హెబ్రీ అక్షరాలు రాసి, కింద ‘నాసా’ అని తెలుగులో రాశారు. నిజానికి అవి మూడే అక్షరాలట, ఒకటి కొట్టేసి నవ్వారు. “దోషాన్ని భరించడానికీ ఈ మాటే వాడతారు, దోషాన్ని క్షమించడానికీ ఈ మాటే వాడతారు. ఎత్తుకోవడం అని దీని అర్థం. మనిషి ఎత్తుకుంటే భరించడం, దేవుడెత్తుకుంటే క్షమించడం. మీ నాన్న ఎత్తుకున్నది ఆయన చేతుల్లోనే ఉండిపోయిందని ఎందుకనుకుంటావు?” అన్నారు. ఆ కాగితం పదిలంగా దాచుకున్నాను. అర్థం తెలిస్తే భయం పోతుందనుకున్నాను. పోలేదు. కాకపోతే, భయపెట్టే గొంతు దేవుడిది కాదని, నాదేనని తెలిసింది.

మాస్టారి అంత్యక్రియల ప్రసంగం మా అయ్యగారే చేశారు, ముసలితనంలో చేతికర్ర పట్టుకుని తెనాలి వచ్చి. నాన్న ఒంటి మీద గీతైనా పడకుండా రిటైరయ్యాడు. రిటైరైన సాయంత్రం ఆయన పెరట్లో తాడు చుట్ట విప్పి ఆరేస్తుంటే అడిగాను, ఇన్నేళ్లలో ఎప్పుడైనా భయమేసిందా నాన్నా అని.

“ఎక్కిన ప్రతిసారీ వేసేదమ్మా,” అన్నాడు. “ఆ రోజు మాట్లాడకపోయి ఉంటే మాత్రం, నిన్ను చూసిన ప్రతిసారీ వేసేది.”

నేనింకా భయస్థురాలినే. నా పిల్లకి జలుబు చేసినా పాత చూపొకటి నా కళ్లలోకి వస్తుంది, అద్దంలో చూసి పట్టుకుంటాను. కానీ ఒకటి నేర్చుకున్నాను. వార్డులో మందు మోతాదు తేడాగా తోచినా, ఇంట్లో ఎవరిమీదో మోయలేని మాట పెడుతున్నట్టు వినబడినా, ఎదుటివాళ్లు ఎంతటివాళ్లైనా లేచి వాళ్ల దగ్గరికి నేనే వెళ్తాను. చాలాసార్లు నాదే పొరపాటని తేలుతుంది, చిన్నబోయి తిరిగొస్తాను. వెళ్లేటప్పుడు గుండె దడదడలాడుతూనే ఉంటుంది, పోయిన నెల ఆ తల్లి దగ్గర మాత్రం ఆ దడకే ఓడిపోయాను. అయినా విన్న రోజునే వెళ్తాను.